ఇత్తడి బిందెలో మూడో ఆకు

ఈ మధ్య మా వీధి కుర్రాళ్ళు నలుగురు నల్లమలలో గుడారాలు వేసుకుని, దారి చూపే మనిషిని పెట్టుకుని నాలుగు రోజులు తిరిగొచ్చారు. ఫొటోలన్నీ చూపించి, నా మొహంలో ఏమీ కనబడక, "ఏం పెద్దాయనా, నీకు అడవి అంటే పడదా ఏంది?" అన్నారు. అడవి నాకేం అపకారం చేసింది? అడవికి పోయే మనుషులంటేనే నాకు ఏవగింపు. ఆ మనుషుల్లో మొదటివాణ్ణి నేనే.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. బడి చదువు అయిపోయి రెండేళ్ళయినా పని దొరక్క, నంద్యాలలో మా మేనమామ ఇంట్లో తిని పడుకుంటున్నాను. మామకు ఆళ్ళగడ్డ దగ్గర నల్లరేగడి చేలున్నాయి. ఆఫీసర్లు ఆయన ఇంట్లో భోంచేసి పోయేవారు. ఆయన ఒక చీటీ రాస్తే నాకు గుమాస్తా ఉద్యోగం వస్తుందని ఇంట్లో అందరికీ తెలుసు, ఆయనకూ తెలుసు. "రాస్తాలేరా" అని ఏడాది నుంచి అంటున్నాడు. నేను ఏడాది నుంచి ఆయన చెప్పులు ఎక్కడున్నాయో వెతికి పెడుతున్నాను.

ఆ చలికాలంలో మామకు కామెర్లు వచ్చి తగ్గాయి. బతికితే అహోబిలం కొండల్లో తొమ్మిది నరసింహస్వాములనూ కాలినడకన చూస్తానని మొక్కుకున్నాడట. మధ్యలో కిందికి దిగకుండా నాలుగు రోజులు కొండ మీదే ఉండాలి, ఆ నాలుగు రోజులూ మడిగా ఉండాలి. వంటకు అహోబిలం నుంచి ఒక అర్చకుల ఇంటి స్వామిని మాట్లాడాడు. తాగడానికీ వండడానికీ రోజుకు ఒక ఇత్తడి బిందెడు నీళ్ళు. స్నానం చేసి తడిబట్టతో ఆ బిందె నింపాల్సింది నేను, భుజాన మోయాల్సింది నేను. ఇంకొకరి చెయ్యి దానికి తగలకూడదు.

"నీ చీటీ సంగతి దిగొచ్చినాక చూద్దాం" అన్నాడు మామ. నేను బిందె ఎత్తుకున్నాను.

దారి చూపడానికి దిగువ అహోబిలం దగ్గర ఒక చెంచు మనిషి వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయేమో. సన్నటి మనిషి, మొలకు ఒక గుడ్డ, నడుముకు వేలాడే సొరకాయ బుర్ర. మామ ఆయన్ను పైనుంచి కిందికి చూసి, "ఏందిరా నీకు కావాల్సింది?" అన్నాడు.

"నా గొడ్డలి దొరా."

నాలుగు నెలల కింద కొట్టకూడని చోట వెదురు కొట్టాడని అడవి ఆఫీసువాళ్ళు గొడ్డలి పట్టుకుపోయారట. మామ నవ్వాడు. "ఓస్, అంతేనా. ఆ ఆఫీసరు మనోడేరా. నాలుగు దినాలు సక్కంగా తిప్పి దించు, చీటీ రాసిస్తా. చూపిస్తే నీ గొడ్డలి నీ చేతికిస్తారు."

ఆ మాటతో ఆ మనిషి గుడారం, బియ్యం మూట, వంట సామాను అన్నీ నెత్తికెత్తుకున్నాడు. గుడారం యుద్ధం నాటిది, మామ నంద్యాలలో ఎవరి దగ్గరో కొన్నాడు. మొదటి రోజు సాయంత్రం విప్పితే గుప్పుమని ఎలుకల కంపు. అందులో మామ పక్కన పడుకోవాల్సింది కూడా నేనే.

ఆ పక్క నుంచి చూస్తేనే మనిషంటే ఏమిటో తెలుస్తుంది. మామకు నస్యం అలవాటు. పీల్చడం, తుమ్మడం, వేళ్ళు గుడారం గుడ్డకు తుడవడం. రెండో రోజుకు ఆ వైపు గుడ్డ గోధుమరంగు చారలతో అట్టకట్టింది. పొద్దున్నే ఏటి పైవైపు కూర్చుని కాలకృత్యాలు, కిందివైపు దిగి స్నానం, "నరసింహా, నరసింహా" అని గొంతెత్తి పిలుపు. తాంబూలం నమిలి నమిలి, దేవుడి గుహ ముందు ఏ రాయి నున్నగా కనబడితే ఆ రాయి మీద ఉమ్ము. స్వామి తెచ్చిన నెయ్యి ముక్కిపోయింది. ముక్కిన నెయ్యి వాసన అన్నంలోంచి లేచి నా గొంతుదాకా వచ్చేది. తిన్న విస్తళ్ళు ఏట్లో పారేస్తే, చెంచు మనిషి మోకాలి లోతు దిగి ఒక్కొక్కటే ఏరి గట్టున వేశాడు. మామ అది చూసి, "వాని పిచ్చి వానికానందం" అని నవ్వాడు. ఆ మనిషికి మిగిలిన అన్నం రాతి మీద పెట్టేవాళ్ళు. దూరం నుంచి.

నడిచేటప్పుడు మామా స్వామీ వెనక పడేవాళ్ళు. నేనూ ఆ మనిషీ ముందు. రెండో రోజు మధ్యాహ్నం ఆయనే మాట అందుకున్నాడు. "మా నాయన గొడ్డలి సామీ అది. పట్టుకునే కామ చివర చీలితే రాగితీగ చుట్టినా. గొడ్డలి లేక తేనెకు పోలేను, వెదురు కొట్టలేను. మా ఇంటిదాని మొగం జూడలేకుండా ఉండా." కొంచెం దూరం పోయాక, "మీ మామ రాసిస్తాడు గదా సామీ?" అన్నాడు.

"రాస్తాడులే" అన్నాను. నాకు ఏడాది నుంచి వినబడుతున్న మాటే అది.

మూడో రోజు మధ్యాహ్నం పావన నరసింహుడి దగ్గర నుంచి దిగే దారిలో నా కాలు జారింది. నేను పడలేదు, బిందె పడింది. నీళ్ళన్నీ రాళ్ళ మధ్యకు పోయాయి. ఆ రోజు గుడారం వేయాల్సిన చోట చుక్క నీళ్ళు లేవని ఆ మనిషి పొద్దునే చెప్పి ఉన్నాడు. వెనక్కి పోయి నింపుకొచ్చేసరికి చీకటి పడుతుంది. మామకు తెలిస్తే ఏమంటాడో నాకు అక్షరం అక్షరం తెలుసు. ఆయన పైన ఎక్కడో ఆయాసపడుతూ కూర్చున్నాడు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఏడుపు వచ్చింది.

ఆ మనిషి మూటలు దించాడు. "రా సామీ" అని దారి పక్కన ఒక బండ కిందికి తీసుకుపోయాడు. బండకు అడుగున బెత్తెడు చీలిక. బోర్లా పడుకుని, ఎండుటాకులు తీసి, చెయ్యి భుజం దాకా లోపలికి పెట్టి, బుర్రతో నీళ్ళు తీశాడు. మొదటి బుర్ర నీళ్ళు మా బిందెలో పోయలేదు. పక్కన రాతి గుంటలో పోశాడు. పిట్టలూ అవీ వస్తాయి, వాటిది ముందు అన్నాడు. రెండో బుర్ర నాకిచ్చాడు. నేను గటగటా తాగాను. అంత చల్లటి నీళ్ళు నేను మళ్ళీ తాగలేదు. నా చెయ్యి ఆ చీలికలో పట్టలేదు. కాబట్టి బిందె కూడా ఆయనే, బుర్ర తర్వాత బుర్ర, నింపాడు. పూర్తయ్యాక మూడు ఆకులు కోసి, ఒక్కొక్కదాని అంచు గడ్డిపోచతో కుట్టి నీళ్ళ మీద వేశాడు. ఇట్లా వేస్తే నడిచేటప్పుడు నీళ్ళు తుళ్ళవట.

"మామకు చెప్పొద్దు" అన్నాను.

"నాకేం పని సామీ" అన్నాడు.

గుడారం చోటికి చేరేముందు ఆకులు తీసి పారేశాను. చేతికి తగిలినవి రెండు. మూడోది నీళ్ళలో మునిగిందన్న ఆలోచనే నాకు రాలేదు.

ఆ సాయంత్రం మామ చెంబెడు నీళ్ళు తాగి కళ్ళు మూసుకున్నాడు. "అబ్బ, ఏం నీళ్ళురా ఇవి. కామెర్లు పోయిన కడుపు సల్లబడింది. యాడ పట్టినావురా?"

"కొండ మీద, మామా" అన్నాను.

"దిగేటప్పుడు నంద్యాలకు ఒక బిందె పట్టుకపోదాం. మీ అత్తకు గూడ తాపిస్తాం." ఇంకో చెంబు తాగాడు. తేన్చాడు. చెంచు మనిషి దూరంగా కూర్చుని గుడారం తాళ్ళు సరిచేస్తున్నాడు. నేను ఆయన వైపు చూడలేదు.

నాలుగో రోజు చివరి గుడి దర్శనం అయింది. ఇక దిగడమే. గుడి మెట్ల పక్క చెట్టు కింద మామ దోసిలి పట్టాడు, నేను బిందె వంచాను. అడుగు నీళ్ళతోపాటు ఆ మూడో ఆకు జారి ఆయన దోసిట్లో పడింది. స్వామి తీసి చూశాడు. అంచున గడ్డిపోచ ఇంకా ఉంది.

"ఇది మన చేతి పని కాదు" అన్నాడు స్వామి. "నీళ్ళు తుళ్ళకుండా చెంచువాళ్ళు వేస్తారు."

మామ మొహం మారిపోయింది. రెండు వేళ్ళు గొంతులో పెట్టుకుని అక్కడే కక్కాడు. నిన్న రాత్రి అన్నం, ముక్కిన నెయ్యి, తాంబూలం రంగు, అన్నీ దేవుడి గుడి మెట్ల పక్కనే. మూతి తుడుచుకుని నా వైపు తిరిగాడు. "ఎవడ్రా బిందె ముట్టింది?"

చెంచు మనిషి నన్ను చూశాడు. పట్టివ్వొద్దనీ కాదు, కాపాడమనీ కాదు. నేను ఏం చెబుతానో చూద్దామని చూశాడు, అంతే. మామ సంచిలో కలం ఉంది. ఆ కలంతో రాయాల్సిన నా చీటీ ఉంది. నిజం చెప్పడానికి పెద్ద ధైర్యం కూడా అక్కర్లేదు. నా కాలు జారింది, నా కోసమే నింపాడు, నేనూ తాగాను. మూడు ముక్కలు.

"నేను స్నానానికి పోయినప్పుడు వీడు ముట్టినట్టుండాడు మామా" అన్నాను.

వీడు అన్నాను. నాలుగు రోజులు నాతో నడిచిన మనిషిని, నాకు ముందు తాపి తర్వాత బిందె నింపిన మనిషిని.

ఆయన కాదనలేదు. "నీళ్ళు మంచియే దొరా" అని మాత్రం అన్నాడు.

"మొక్కు మొత్తం మంటగలిపినావు గదరా. చీటీ లేదు, గీటీ లేదు. పో" అన్నాడు మామ.

ఆ మనిషి పోలేదు. మూటలు కిందిదాకా మోసి, బండి దగ్గర దించి, అప్పుడు పోయాడు. ఆళ్ళగడ్డలో మా చుట్టాల ఇంటి అరుగు మీద కూర్చుని మర్నాడు మామ నా చీటీ రాశాడు. బిందె నాలుగు రోజులు మోసినందుకట. ఆ ఆఫీసరుకే రాశాడు, గొడ్డలి పట్టుకుపోయిన ఆఫీసుకే.

చేరిన మొదటి వారమే వెనక గదిలో దాన్ని చూశాను. తుప్పు పట్టిన కత్తుల మధ్య, గోడకు ఆనించి. కామ చివర రాగితీగ. అడిగితే ఆఫీసరు ఇచ్చేవాడేమో కూడా. కానీ అడిగితే ఎవరిది అంటాడు, నీకెట్లా తెలుసంటాడు, మామ చెవికి పోతుంది. తలుపు మూసి వచ్చాను.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ఆయనే వచ్చాడు. ఎన్ని మైళ్ళు నడిచాడో. నన్ను గుర్తుపట్టగానే ఆయన మొహం విప్పారింది, నన్ను అసహ్యించుకోవడం కూడా ఆ మనిషికి చేతకాలేదు. మెట్ల కిందే నిలబడి, "మీరుండారు గదా సామీ, ఇంకేం. నా గొడ్డలి ఈడుందా?" అన్నాడు.

నా కుర్చీకి వెనక, తలుపు అవతల, పది అడుగుల దూరంలో ఉంది.

"లేదు" అన్నాను.

"సరేలే సామీ" అని కాసేపు నిలబడ్డాడు. పెదవులు ఎండి పగిలున్నాయి. నా బల్ల పక్కనే కుండ ఉంది, దాని మీద గ్లాసు ఉంది. నీళ్ళు తాగిపో అని నేను అనలేదు. ఆయనా అడగలేదు.