రేసులో సైడ్ ఇచ్చిన రోజు

పోయిన నెల మా ఆవిడ, ఈ వయసులో నీకెందుకే అన్న నా మాట చెవిన పెట్టకుండా, విజయవాడలో డ్రైవింగ్ స్కూల్లో చేరింది. మొదటి రోజు తోడు వెళ్తే, కారెక్కించడానికి ముందు ఆవిణ్ణి ఓ గదిలో టీవీ లాంటి తెర ముందు కూర్చోబెట్టి, ఉత్త స్టీరింగు చేతికిచ్చి, బొమ్మ రోడ్డు మీద బొమ్మ కారు తిప్పమన్నారు. ఆవిడ నవ్వుతూ నవ్వుతూ వెళ్ళి చెట్టుకి గుద్దేసింది. అందరూ నవ్వారు. నేను మాత్రం మంచినీళ్ళ వంకతో బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. అలాంటి ఉత్త స్టీరింగు మీద తల పెట్టుకుని ఒకప్పుడు నేను వెక్కివెక్కి ఏడ్చానంటే అక్కడి వాళ్ళెవరూ నమ్మరు. మన ఈడు వాళ్ళు నమ్ముతారని మీకు చెబుతున్నాను.

మాది బందరు. సముద్రం మీద వేట చేసిన కుటుంబం, మా నాన్న హయాంలో చేపల వ్యాపారంలోకి దిగింది. పడవలు తెచ్చిన సరుకు ఐసులో పెట్టుకుని వ్యానులో బెజవాడ మార్కెట్టుకి చేర్చడం నా పని. పక్క సీట్లో మా తమ్ముడు, వాడికి నోరు మూతపడేది కాదు, దారి పొడుగునా ఎవరినో ఒకరిని ఆటపట్టిస్తూనే ఉండేవాడు. రెండువేల సంవత్సరం వచ్చిన కొత్తల్లో, వానాకాలంలో ఓ ఉదయం, బందరు రోడ్డులో కాలవ గట్టు మీద వెళ్తుంటే వెనక నుంచి ఓ ప్రైవేటు బస్సు ఒకటే హారను. మన రోడ్ల మీద అలవాటే కదా, వెనకవాడు తొందరపడుతుంటే ముందువాడు ఎడమకి జరిగి సైడ్ ఇస్తాడు, డ్రైవర్ల మధ్య అదో మర్యాద. నేనూ జరిగాను. బస్సు సగం దాటాక ఎదురుగా ఏదో బండి వచ్చేసరికి వాడు మా మీదకి కట్ కొట్టాడు. నానిన గట్టు జారి మా వ్యాను కాలవలోకి దొర్లింది. నాకు చిన్న గీత కూడా పడలేదు. మా తమ్ముడి ఎడమకాలు మోకాలి కింద నుంచి తీసేశారు.

అప్పటి నుంచి నా చేతులు నావి కాకుండా పోయాయి. బాగుచేయించిన వ్యాను ఇంటి ముందే ఉండేది, ఎక్కి తాళం తిప్పేవాణ్ణి, అద్దంలో వెనక ఏ బండి కనబడ్డా చాలు, ఒళ్ళంతా చెమటలు పట్టి స్టీరింగు మీద చేతులు గజగజలాడేవి. నేను జరగబట్టే కదా వాడి కాలు పోయింది అన్న మాట బుర్రలోంచి పోయేది కాదు. వాడు ఒక గదిలో ఉంటే నేను ఇంకో గదిలోకి పోయేవాణ్ణి, వాడు పలకరిస్తే పని ఉందని తప్పించుకునేవాణ్ణి. ఇలా ఏడాదిన్నర. ఆఖరికి నాన్న, "శ్రావణం వెళ్ళేలోగా నువ్వెక్కకపోతే బండి అమ్మేస్తానొరేయ్, ఎండకి ఎండబెట్టడానికా కొన్నది?" అనేశారు. బండి పోతే నేనిక జన్మలో స్టీరింగు పట్టనని నాకు తెలుసు. ఇంకో పని నాకు రాదు. చచ్చిపోదామా అనిపించిన రోజులు కూడా ఉన్నాయి, దాచడమెందుకు.

మా అక్క మొగుడు బెజవాడ గవర్నర్‌పేటలో ఇంటర్నెట్ సెంటర్ పెట్టారు, కాపురం పై అంతస్తులోనే, నన్ను కొన్నాళ్ళు అక్కడికి పిలిపించుకున్నారు. ఆటల కోసం మద్రాసు నుంచి ఓ ప్లాస్టిక్ స్టీరింగు తెప్పించారు. "దీంతో ఎన్నిసార్లు గుద్దినా ఎవరికీ ఏమీ కాదోయ్, కూర్చో" అన్నారు బావ. కూర్చున్నాను. ఒక్కణ్ణే తిరిగినంతసేపూ బాగానే ఉంది. కంప్యూటరు నడిపే కార్లు వెనక వచ్చినా భయం వేయలేదు, అది యంత్రమేగా. నాకు అద్దంలో మనిషి కావాలి, వాడు దాటిపోవాలి, నా చేతులు వణకకూడదు. అదీ నా గోల.

బావ వెతికి వెతికి అమెరికావాళ్ళు కంప్యూటర్లో ఆడుకునే ఒక రేసు లీగు పట్టుకున్నారు. చూడ్డానికి మామూలు కార్లలా ఉండే రేసు కార్లు, కోడిగుడ్డు ఆకారపు రోడ్డు మీద ఎప్పుడూ ఎడమకే తిరుగుతాయి. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని ఫోను లైను మీద అందరూ ఒకే రోడ్డెక్కుతారు. చేరాలంటే షరతు, తన తప్పు వల్ల ఇంకొకరికి దెబ్బ తగలకుండా ఒక రేసు పూర్తి చేయాలి. మూడే అవకాశాలు. వాళ్ళ సాయంత్రం మనకు పొద్దున, కాబట్టి నాకోసం పాపం బావ ఆరింటికే షట్టరెత్తేవారు.

మొదటిసారి వణుక్కుంటూనే పద్నాలుగు చుట్లు తిరిగాను. పైన మా అక్క ఎవరికో చేద్దామని ఫోనెత్తింది, ఇంటికీ సెంటరుకీ ఒకటే ఫోను కాబట్టి లైను తెగింది. హలో, హలో అంటూ ఆవిడ, అయ్యో అయ్యో అంటూ నేను.

రెండోసారి ఇరవై చుట్లు దాటాక అద్దంలో పదిహేడో నంబరు కారు, నాకంటే చాలా వేగంగా వస్తోంది. తొందరపడుతున్నాడు, సైడ్ ఇద్దాం అనుకుని ఎడమకి జరిగాను. అక్కడ దాటేది ఎడమ పక్క నుంచేనట, లోపలి వైపు చుట్టు దూరం తక్కువట! సరిగ్గా వాడి మూతి మీదకే వెళ్ళాను. వాడు గోడకి, వాడి వెనకవాళ్ళు నలుగురు వాడికి. తెర నిండా పొగ. తెర కింద తిట్లు వరసగా వస్తున్నాయి. "ఇంగ్లీషులో తిడుతున్నారోయ్, తెలుగులో చెప్పమంటావా?" అన్నారు బావ, నన్ను నవ్విద్దామని.

ఆ పదిహేడో నంబరాయనే లీగుకి పెద్ద. ఎడమకెందుకొచ్చావని అడిగాడు. మా ఊళ్ళో వెనకవాడు తొందరపడితే ఎడమకి జరిగి దారిస్తామని నేను చెబితే బావ టైపు చేశారు. ఆయన జవాబు బావ తెలుగులో చదివి చెప్పారు. దారివ్వాలనుకోవడం నీ మంచితనం. కానీ నీ దారిలో నువ్వుండు. దాటేటప్పుడు ఏం జరిగినా అది దాటేవాడి బాధ్యతే, ముందున్నవాడిది కాదు.

మళ్ళీ చదవమన్నాను. చదివారు. ఇంకోసారి అన్నాను. మూడోసారికి స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చేశాను. బావ లేచి వెళ్ళి షట్టరు సగం దించి వచ్చారు.

మరుసటి వారం ఆఖరి అవకాశం. నా దారిలో నేనున్నాను. పదిహేడో నంబరు నన్ను ఏడుసార్లు దాటాడు. మొదట్లో చేతులు వణికాయి, ఆ వణుకు ఎప్పుడాగిందో నేను చూసుకోనే లేదు. అందరికన్నా ఆఖర్న వచ్చాను. లీగు పట్టికలో అట్టడుగున నా పేరు. ఆ రోజే బస్సెక్కి బందరు వెళ్ళి, తాళాలు తీసుకుని, అరుగు మీద కూర్చున్న తమ్ముడితో "ఎక్కరా" అన్నాను. వాడు కర్రతో సహా ఎక్కాడు. ఆ కాలవ గట్టు దాటాక ఆ అమెరికా ఆయన మాట వాడికి చెప్పాను.

వాడు నాకేసి వింతగా చూశాడు. "ఆస్పత్రిలో నేను చెప్పిందీ అదేగా అన్నయ్యా. బస్సోడిదే తప్పని. నువ్వు ఇన్నావా?"

నిజమే, చెప్పాడు. నన్ను ఓదార్చడానికి అంటున్నాడనుకున్నాను.

ఇప్పుడు బందరు రోడ్డుకి మధ్యలో డివైడరు వచ్చింది, వెనకవాడు ఎటు నుంచి వీలైతే అటు నుంచి దూసుకుపోతాడు, సైడ్ అడిగేవాడూ లేడు, ఇచ్చేవాడూ లేడు. నేను రెండేళ్ళు ఆడిన ఆ లీగు ఒక రోజు కంప్యూటర్లో తెరుచుకోలేదు, మళ్ళీ ఎప్పుడూ తెరుచుకోలేదు. ఆ పెద్దాయన ముఖమైనా నేనెరగను. మా తమ్ముడు పోయి నాలుగేళ్ళు. ముక్కూమొహం తెలియని మనిషి మాట మూడుసార్లు చదివించుకుని మరీ విన్నాను, సొంత తమ్ముడు కాలు పోగొట్టుకుని మంచం మీద నుంచి చెబితే వినలేదు. ఆ ఏడాదిన్నరా వాడితో మాట్లాడలేదే అని ఇప్పుడు ఏడుస్తున్నాను.