విప్పని మొదటి సంచిక

మా ఆయన దగ్గర ఆరువందల పాత బ్రిటిష్ కామిక్సు ఉన్నాయి. ఎప్పుడో అరవై ఏళ్ళ కిందట ఆ చలిదేశంలో పిల్లలు వారం వారం కొనుక్కుని, చదివి, జామ్ పూసి, చివరికి అటకమీదకి విసిరేసినవి. అవి చేతులు మారి, సముద్రాలు దాటి వచ్చి మా పడకగదిలో రెండు బీరువాలు ఆక్రమించాయి. మా బట్టలు మంచం కింద ఉంటాయి. కొన్నిటి మీద, ఏ ఇంట్లో వెయ్యాలో అక్కడి పేపరు కొట్టువాడు పెన్సిల్‌తో రాసుకున్న ఇంటి నంబరు ఉంటుంది. మా ఆయన దాన్ని భూతద్దంలో చూసి మురిసిపోతాడు. మా గ్యాస్ కనెక్షన్ నంబరు మాత్రం ఆయనకి ఈరోజుకీ నోటికి రాదు.

ఆయన ఉద్యోగం కళ్ళద్దాల షాపులో. వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి పొద్దస్తమానం "కింద లైను చదవండి" అంటాడు. తను మాత్రం ఏ లైనూ చదవడు. నేను మొగుడి మీద చాడీలు చెప్పడం లేదు, ఆ ఆరువందల్లో ఆయన చదివింది ఒక్కటీ లేదు. చదవాలంటే విప్పాలి, విప్పితే మడత పడుతుంది, మడత పడితే విలువ పోతుంది. అందుకని కొన్న రోజే ప్లాస్టిక్ కవర్లో పెట్టి అంచుకి టేపు వేసేస్తాడు.

ప్రతి ఆదివారం మా ముందుగదిలో వీళ్ళ బృందం కూర్చుంటుంది. అయిదుగురూ మీసాలు నెరిసినవాళ్ళే. ఆ వారం దొరికినవి ఒకరికొకరు చూపించుకోవడం కార్యక్రమం. నేను ఇంట్లో బట్టలు కుడతాను కాబట్టి, పుస్తకాల కింద పరచడానికి నా తెల్ల లైనింగు గుడ్డే కావాలి. వీళ్ళకి పెద్ద, పైపులూ కుళాయిలూ అమ్మే షాపాయన. ఆ పైపులాయన తెల్ల గ్లౌజులు తొడుక్కుని, పుస్తకాన్ని ముక్కుకి ఆనించి గాఢంగా పీల్చి, "అటక సరుకు. తేమ తగల్లేదు" అంటాడు. మిగతావాళ్ళు తలలూపుతారు. కథ ఏమిటని ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు.

ఎవరికి ఈ పిచ్చి ఎలా పట్టిందో చెప్పుకోవడం కూడా ఉంటుంది. మా ఆయనకి పదేళ్ళప్పుడు చుట్టమెవరో ఒక కామిక్ ఇచ్చాడట. లెక్కల్లో తప్పాడని వాళ్ళ నాన్న దాన్ని చింపి పొయ్యిలో పెట్టాడట.  ఎన్నిసార్లు విన్నానంటే, ఆ పొయ్యి పొగ ఎటు పోయిందో కూడా నేను చెప్పగలను.

ఆ నాన్న, అంటే మా మామయ్య, రిటైరైన లెక్కల మాస్టారు, మా పక్కగదిలోనే ఉంటారు. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ కొంత దారికొచ్చాయి గానీ మాట పోయింది. నీళ్ళు కావాలన్నా "అది", దుప్పటి కావాలన్నా "అది". తరగతి మొత్తాన్ని గొంతుతో గజగజలాడించిన మనిషి, ఆ ఒక్క ముక్క అని గోడవైపు తిరిగిపోయేవారు.

మాట నేర్పే డాక్టరమ్మ ఒకటే చెప్పింది. "బొమ్మల కథలు చూపించి, ఏం జరుగుతోందో ఆయన చేత చెప్పించండి. ఇంట్లో బొమ్మల పుస్తకాలు ఏమైనా ఉన్నాయా?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంటికొచ్చి మా ఆయన్ని అడిగాను.

"చేతి చెమట తగిలితే కాగితం పాడైపోతుంది" అన్నాడు. మర్నాడు ఒక అక్షరాల చార్టు కొనుక్కొచ్చాడు. ముప్ఫయ్యేళ్ళు పాఠం చెప్పిన మనిషికి అక్షరాల చార్టు! నాకు ఒళ్ళు మండిపోయింది.

అప్పుడు చేశాను ఆ పని. ఆయన షాపుకి వెళ్ళాక బీరువా తీసి, కుట్లు విప్పే కత్తితో టేపు లేపి, పిన్నులు నిదానంగా విడదీసి, లోపలి పేజీలు బయటికి లాగాను. వాటి కొలతకి పాత ఆదివారం పేపర్లు కత్తిరించి పెట్టి, పిన్నులు మళ్ళీ మడిచి టేపు వేసేశాను. కొలతకి కత్తిరించడం నాకెవరూ నేర్పక్కర్లేదు. చేతికి అందింది కదా అని మొదట విప్పింది ఏదనుకున్నారు? మా ఆయన ప్రాణంతో సమానంగా చూసుకునే, ఒక వారపు కామిక్ మొట్టమొదటి సంచిక. ఈగని వాలనిచ్చేవాడు కాదు దాని మీద.

మామయ్య ఆ పేజీలతో ఏడాదిన్నర కుస్తీ పట్టారు. మొదట్లో "పిల్ల" అన్నారు, తర్వాత "పిల్ల ఎక్కింది" అన్నారు. నేను మిషను తొక్కుతూ వినేదాన్ని. మా ఆయన రాగానే అవి దిండు కిందకి పోయేవి.

ఇంతలో లైబ్రరీ హాల్లో ప్రదర్శన పెట్టాలని బృందం నిర్ణయించింది. మధ్యలో ఒకే ఒక్క గాజుపెట్టె, దాని కింద సొంతదారు పేరు. అందులో తన మొదటి సంచిక ఉండాలని మా ఆయన నెల రోజులు నిద్రాహారాలు మానేశాడు. పైపులాయన ఒప్పుకోవాలి, అంతే. నాకూ నిద్ర లేదు, కారణం వేరు.

ఆ ఆదివారం పైపులాయన వాసన చూశాడు, పిన్నుల తుప్పు చూశాడు. "చెయ్యి పడని కాపీ" అన్నాడు. మా ఆయన కళ్ళు చెమర్చాయి. అక్కడితో ఆగితే బాగుండేది.

"సాధారణంగా మధ్య పేజీలు పోతుంటాయి, ఒక్కసారి చూద్దాం" అంటూ విప్పాడు. కుళాయిలు సగం ధరకే అని లోపల ఆయన షాపు ప్రకటనే ఉంది. ఆయన దాన్ని కూడా భూతద్దంతోనే చూశాడు.

"అట్టకి గాజుపెట్టె ఇవ్వలేమండీ" అని గ్లౌజులు మడుచుకున్నాడు. అందరూ చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

మా ఆయన నా వైపు తిరిగాడు. "లోపలి పేజీలేవి?"

"మామయ్య దిండు కింద."

పరుగెత్తాడు. వెనకే వెళ్ళాను. పేజీలు మామయ్య ఒళ్ళోనే ఉన్నాయి, టీ మరకలతో.

"నాన్నా, మూలలు మడిచావా?"

"మడవకపోతే... ఎక్కడ ఆపానో... ఎలా తెలుస్తుందిరా?"

"టీ కూడా పోశావు."

ఇక నావల్ల కాలేదు. "మీ నాన్న వాక్యం మొత్తం మాట్లాడారండీ. మీకు టీ మరకే కనిపించిందా? సిగ్గుగా లేదూ?"

అప్పుడు విన్నాడు. మంచం అంచున కూలబడ్డాడు. మామయ్య పేజీ మీద వేలుపెట్టి, ఆగుతూ, తడుముకుంటూ, మొత్తం చెప్పారు. సముద్రం ఒడ్డున లైట్‌హౌసు. కాపలావాడు మెట్ల మీంచి పడ్డాడు, పైన దీపం ఆరిపోయింది. ఓడ ఒకటి రాళ్ళ వైపు వస్తోంది. కూతురు పైకెక్కింది. చేతిలో ఒక్కటే అగ్గిపుల్ల. మిగతాది వచ్చే వారం.

"నేను చింపింది... ఇలాంటిదేనా?" అన్నారు మామయ్య.

మా ఆయన తలూపాడు.

"చదవకుండా చింపాను. తప్పు." కాసేపు ఊపిరి పీల్చుకున్నారు. "నువ్వు చదవకుండా దాచావు. రెండోది ఏది? దీపం వెలిగిందా?"

"రెండో సంచిక ఎవరూ దాచరు నాన్నా. దానికి విలువ ఉండదు."

మామయ్య ఆయన్ని బోర్డు దగ్గర నిలబెట్టిన పిల్లాణ్ణి చూసినట్టు చూశారు. "ఒకటి తర్వాత ఏమొస్తుందిరా?"

"రెండు" అన్నాడు, యాభయ్యేళ్ళ మా ఆయన, తలొంచుకుని.

అది దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. ప్రదర్శన జరిగిపోయింది, గాజుపెట్టెలో ఇంకెవరిదో పెట్టారు. ఆదివారం బృందం కూర్చున్నప్పుడు మా ఆయన నా లైనింగు గుడ్డ మీద రెండో సంచిక పెట్టాడు. అట్ట లేదు, పిన్నులు తుప్పు, ఏ పిల్లవాడో రంగు పెన్సిళ్ళతో గీకేశాడు.

పైపులాయన వాసన కూడా చూడలేదు. "ఇదేం సరుకండీ?"

మా ఆయన ఒట్టి చేతులతోనే దాన్ని తీసుకుని పక్కగదిలోకి వెళ్ళాడు. "కింద లైను కూడా చదువు" అని మామయ్య గొంతు వినిపించింది. మా ఆయన కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టాడు. ముందుగదిలో నలుగురూ ముఖాలు చూసుకున్నారు. కొంతసేపటికి పైపులాయన లేచి, గ్లౌజులు జేబులో కుక్కుకుని, పక్కగది గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాడు.

"వెలిగిందా?" అన్నాడు.

"ఆగండి, ఇంకా ఆ పేజీకి రాలేదు" అన్నాడు మా ఆయన.