ఫైలులో పెట్టని రెండో లెక్క

1986. రేణిగుంట దగ్గర లారీలకు డీజిల్ ట్యాంకులు చేసే కర్మాగారంలో నేను ప్లానింగ్ ఇంజనీరుని. వెల్డింగ్‌కు రోబో, అంటే మనిషి చేయిలా తిరిగే యంత్రం, కొనాలనుకున్నారు. మాలో ఎవరూ దాన్ని కళ్లతో చూడలేదు. రెండు కంపెనీల బ్రోచర్లు ఇచ్చి, ఏది మేలో తేల్చమన్నారు.

రెండు పద్ధతుల్లో లెక్క వేశాను. మొదటిది వెయిటేజి: వేగం, కచ్చితత్వం, భద్రత వంటివాటికి మార్కులు వేసి, ప్రాముఖ్యాన్ని బట్టి హెచ్చవేసి, అన్నీ కూడడం. రెండోది కటాఫ్: ప్రతిదానికీ కనీస హద్దు పెట్టి, ఒక్కదానిలో తప్పినా పక్కనపెట్టడం. మొదటి లెక్కలో వేగమైన రోబో గెలిచింది. రెండో లెక్కలో అదే పోయింది. స్టాప్ నొక్కాక కూడా దాని చేయి జానెడు జరుగుతుందని బ్రోచర్‌లోనే ఉంది; భద్రతకు పెట్టిన హద్దు అక్కడ తప్పింది.

దాని పక్కన నిలబడి రేకులు అందించాల్సిన మునిరత్నం ఒకరోజు నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"మేడమ్, అది ఆగమంటే ఆగతాదా?"

"ఆగుతుందిలే."

"మా ఇంట్లో ఆమె ఆగమంటే నేనే ఆగను. ఇంగ ఇనుము ఇంటాదా?" అని నవ్వుతూ పోయాడు.

మేనేజరు రెండు కాగితాలూ చూసి విసుక్కున్నారు. "ఇద్దరు పెండ్లికొడుకుల్ని సూపిస్తే ముహూర్తం ఎట్ల పెట్టేదమ్మా? ఒకటి తేల్చు."

ఆ రోజు నా ఎనిమిది నెలల పాపకు జ్వరం. తిరుపతి బస్సు తప్పిపోతుందని ఒకటే ఆరాటం. మొదటి లెక్క మాత్రమే ఫైలులో పెట్టి సంతకం చేశాను.

రోబో వచ్చిన నాలుగో నెలలో, వంకరగా కూర్చున్న రేకును సరిచేయబోయి మునిరత్నం కుడిచేయి లోపల పెట్టాడు. పక్కవాడు వెంటనే స్టాప్ నొక్కాడు. అయినా యంత్రం ఆ జానెడు జరిగింది. డాక్టర్లు అతని చేతిని మణికట్టు దాకా తీసేశారు.

ఆసుపత్రికి వెళితే అతనే నన్ను ఓదార్చాడు. "నేనే తొందరపడి సెయ్యి పెట్టినా మేడమ్. మిషను తప్పేముండాది?"

ఉండబట్టలేక రెండో లెక్క సంగతి చెప్పేశాను.

"అంటే, మీకు ముందే తెలుసునా?"

"తెలుసు."

అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. అతని భార్య నేను తెచ్చిన పళ్ల సంచి తీసి నా చేతికే ఇచ్చింది.

కూడికలో ఒకదాని లోటును మరొకటి పూడుస్తుంది. ఎంత వేగమైనా ఒక మనిషి చేతిని పూడ్చలేదు. ఇప్పుడు రెండు పద్ధతులు రెండు జవాబులిస్తే నేను ఒకటి తేల్చను. తేడా ఎక్కడ వచ్చిందో వెతికి, ఆ యంత్రం పక్కన నిలబడబోయే మనిషికి ముందుగా చెబుతాను.