చీరలు కుక్కిన కోళ్ల గూడు

పోయినేడు చనిపోయిన మా అమ్మాయి పెంచుకున్న కోళ్లు నాలుగున్నాయి. ఇక్కడ అమెరికాలో, మేముండే నోవై ఊళ్లో మంచు ఆగకుండా పడుతోంది. చలి తగలకూడదని గూటి కన్నాలన్నిటిలో నా పాత చీరలు కుక్కాను. ఈ రోజు పొద్దున చూస్తే ఒకదాని నెత్తి మీది ఎర్ర తురాయి కొస నల్లబడింది. పక్కింటి అమెరికా ఆవిడ చూసి, లోపలి చెమ్మ బయటికి పోక, తురాయి మీద గడ్డకట్టి అలా అయిందని, పై కన్నాలు తెరవమని చెప్పింది.

"ఎవరికైనా ఇచ్చేద్దామే. ఈ చలిలో నీ వల్ల కాదు" అన్నారు మా ఆయన.

"పిల్లని దక్కించుకోలేకపోయామండీ. దాని కోళ్లనైనా దక్కించుకోనివ్వండి."

ఆయన స్టూల్ తెచ్చి పట్టుకున్నారు. నేనెక్కి పై కన్నాల్లోని చీరలు లాగేశాను.

మంచులో కోళ్లు పెంచేవాళ్లుంటే ఇంకేం చేయాలో చెప్పండి. ఇచ్చేయమని మాత్రం చెప్పకండి.