పదకొండు మంది నడక

మా వెనక వాటాలో ఇరవై ఏళ్ళుగా కిరాయికి ఉన్న నర్సమ్మ మూడు వారాల కింద పోయింది. పొద్దున చాయ్ పెట్టుకోవడానికి లేచి, స్టవ్వు వెలిగించకముందే గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. ముందు చూసింది మా మనవరాలు. దాని కేక విని నేను చేతికర్ర పట్టుకుని ఆ పది గజాలు చేరేసరికి, చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. మా వీధిలో ఎవరికి ఏమైనా ముందు పిలిచేది ఆమెనే. ఆ పొద్దు ఎవరిని పిలవాలో మా ఇద్దరికీ తోచలేదు.

ఆమె సర్కారు నర్సు. అడవి అంచు గూడేల్లో సూదులు వేస్తూ, కాన్పులు చూస్తూ ఉద్యోగమంతా గడిపింది. అరవై నిండగానే రిటైరైనట్టు కాయితం చేతికిచ్చారు. ఆ కాయితం గూడేలకు మాత్రం చేరలేదు. వాళ్ళు పిలుస్తూనే ఉన్నారు, ఈమె పోతూనే ఉంది. ఆదివారం మాత్రం చర్చికి. ఒక్కసారైనా నన్ను రమ్మనలేదు. ఎందుకు పిలవవని అడిగితే, "మీ నోటితోటి దేవునికి కొత్త పని పెట్టుడెందుకు టీచరమ్మా, ఆయనకు గూడ ఓపిక ఉండాలె గదా" అన్నది. నేను ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినదాన్ని. నాకు ఎదురు జవాబు చెప్పి బతికి బట్టకట్టిన మనిషి ఊరు మొత్తంలో ఈమె ఒక్కతే.

నాడి చూడటంలో ఆమెకొక పట్టింపు. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణించడం అందరూ చేసేదే. ఈమె నిండు నిమిషం చూసేది. లెక్కల టీచరుగా నేను ఎగతాళి చేస్తే, "గుణిస్తే వచ్చేది మీ లెక్క. ఆ మనిషి నాడి గాదు. లెక్కపెట్టనిది రాయొద్దు" అనేది.

ఇంకొక సంగతి చెప్పాలి. గూడెం ఇళ్ళు వానకు కురుస్తాయి. తల్లీబిడ్డల కార్డులు, మందుచీటీలు నానిపోతాయి. అందుకని అక్కడి ఆడవాళ్ళు దవాఖానా కాయితాలన్నీ నర్సమ్మకే ఇచ్చి దాచుకునేవారు. ఆమె మంచం కింద ఇనప పెట్టెలో మూడు తరాల కార్డులు ఉండేవి. ఎవరికి జ్వరమొచ్చినా ఈమె వాళ్ళ కార్డు తీసుకుని బయలుదేరేది. ఈ అలవాటే తరవాత మమ్మల్నందర్నీ బోనులో పెట్టింది.

మొన్నటి ఎండాకాలంలో నేను స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాను. ఖమ్మంలో ఆపరేషను చేసి, నెలల తరబడి మంచం దిగొద్దన్నారు. మా కూతురు తన కూతుర్ని నాకు తోడుగా పంపింది. తోడుగా అనేది ఇంట్లో చెప్పిన మాట. ఆ పిల్లకు ఇక్కడ వేరే పని ఉంది. హైదరాబాదులో పీజీ చివరి ఏడు, థీసిస్ రాయాలి. బీమా, రవాణా, ఆరోగ్యం, ఈ మూడింటిలో సాంకేతికత తెచ్చే కొత్త పద్ధతులు దాని విషయం. "ఒకేసారి మూడు బస్సులెక్కుతవా?" అని అడిగాను. "మూడూ ఒకటే బస్సు అమ్మమ్మా, అదే కొత్త" అన్నది. నర్సమ్మ వెంటనే, "ఆ బస్సు వాగు దాటుతదా బిడ్డా?" అని అడిగింది. పిల్ల నవ్వింది. నర్సమ్మ నవ్వలేదు.

పద్ధతి ఇదీ. పట్నంలో ఒక కంపెనీ ప్రయోగానికని కొన్ని గూడేలు ఎంచుకుని, మా వాగవతలి గూడెంలో పదకొండు మంది ఆడవాళ్ళకు చేతి బ్యాండ్లు ఇచ్చింది. అవి వేసిన అడుగులు లెక్కపెడతాయి, నాడి చూస్తాయి. రోజూ నడిచేవాళ్ళకు ఉచితంగా బీమా. బీమా ఉన్నవాళ్ళు ఫోను చేస్తే జీపు వాగు దాకా వచ్చి భద్రాచలం తీసుకుపోతుంది. రెండు వారాలు అడుగులు పడకపోతే పేరు కొట్టేస్తారు, జీపు రాదు. గూడెంలో అందరికీ స్మార్టు ఫోన్లు లేవు గనుక లెక్క పంపే సిమ్ము బ్యాండ్లలోనే పెట్టి, కబుర్లకు ఫోను ఒకటి నర్సమ్మకు ఇచ్చారు. ఆమెకు మాత్రం బ్యాండు లేదు. అరవై దాటినవాళ్ళు ప్రయోగానికి పనికిరారట.

బ్యాండ్లు పంచిన రోజు మనవరాలు గూడేనికి పోయింది. ఖరీదైనవి, పోగొట్టొద్దు, పాడుచెయ్యొద్దు అని పదిసార్లు చెప్పి వచ్చింది. తరవాత మళ్ళీ పోలేదు. నన్ను లేపాలి, కూర్చోబెట్టాలి. అంకెలన్నీ లాప్‌టాప్‌లోకి వాటంతటవే వస్తుంటే పోవలసిన అవసరమేమిటని దాని గైడు కూడా అన్నాడట. నా మంచం పక్కన కూర్చుని అది అడవి మీద థీసిస్ రాసింది.

మొదట్లో అడుగులు సున్నా. తరవాత ఒక్కసారిగా దండిగా పడ్డాయి. పిల్ల మురిసిపోయింది. ఒక్క చిక్కు మాత్రం తెగలేదు. నాడి గడి ఖాళీగా ఉండేది, పదకొండు మందికీ. "మిషను లోపం అమ్మమ్మా."

"నాడి లేకుండ నడిచేటోళ్ళను మా చిన్నప్పుడు దయ్యాలనేటోళ్ళు" అన్నాను. అన్నదే గాని నేనూ ఆలోచించలేదు. తుంటి నొప్పిగా ఉంది.

శ్రావణంలో వానలు ముదిరి వాగు రోడ్డెక్కింది. మూడు రోజులు ఎక్కడి ఆటోలు అక్కడే. నేను మంచంలో, పిల్ల లాప్‌టాప్ ముందు, నర్సమ్మ మా వరండాలో. ఆమె ఊరికే కూర్చోలేదు. భుజానికి గుడ్డసంచి తగిలించుకుని ఈ గోడ నుంచి ఆ గోడకు, ఆ గోడ నుంచి ఈ గోడకు తిరిగింది. నా కిటికీలోంచి ఆమె అటు పోవడం, ఇటు రావడం, అదొక్కటే కనపడేది.

"ఏంది నర్సమ్మా, బోనుల పులి లెక్క?"

"కాళ్ళు పట్టేసినయ్ టీచరమ్మా, సాగదీస్తున్న."

"గా సంచెందుకు? అది గూడ పట్టేసిందా?"

ఆమె మళ్ళీ ఆ గోడకు తిరిగింది. ఇటు లోపల మనవరాలు ఎగిరి గంతేసినంత పని చేసింది. "అమ్మమ్మా చూడు! ఇంత వానలో గూడ పదకొండు మంది నడుస్తున్నరు! దీని మీద ఒక అధ్యాయం రాస్తా. కష్టాన్ని తట్టుకునే గుణం అని."

నర్సమ్మ చాయ్ కోసం ఆగింది. గ్లాసు ఖాళీ చేసి, కాసేపు కాలు చాపుకుని కూర్చుంది.

"అరె, అందరూ ఆగిండ్రు" అన్నది పిల్ల.

పదకొండు మందికి ఒక్క నిమిషాన చాయ్ తాగబుద్ధి కాదు. ఆ మాత్రం లెక్క మంచంలో పడి ఉన్నా వస్తుంది. నర్సమ్మ లేచింది. మళ్ళీ ఆ గోడకు బయలుదేరింది. పిల్ల తెర మీద పదకొండు గీతలూ లేచాయి.

"నర్సమ్మా, లోపలికి రా. సంచి ఇటు తే."

తెచ్చింది. చేతిరుమాల్లో మూట కట్టి, ఎవరిది ఎవరిదో గుర్తుకు ఒక్కొక్కదానికి ఒక్కొక్క రంగు దారం చుట్టి, పదకొండు బ్యాండ్లు. మనవరాలు వాటిని చూసింది, తెరను చూసింది. ఏడవలేదు. లాప్‌టాప్ మెల్లగా మూసింది.

నర్సమ్మ దాచకుండా చెప్పింది. ఖరీదైనది, పాడుచెయ్యగూడనిది, దవాఖానా మాటతో వచ్చినది. గూడెంలో అటువంటి వస్తువు ఉండే చోటు ఒక్కటే. పంచిన మర్నాడే పదకొండు మందీ తెచ్చి నర్సమ్మకిచ్చి దాచమన్నారు. నాట్లు వేసే చేతులకు అవెందుకని. ఈమె పెట్టెలో పెట్టి తాళం వేసింది. పది రోజులకు కంపెనీ నుంచి ఫోను వచ్చింది, పేర్లు కొట్టేస్తామని. తిరిగి ఇస్తానంటే, బురదలో పోతే తమ మీదికొస్తదని ఆడవాళ్ళు తీసుకోలేదు. అందులో ఒకామెకు ఏడో నెల. ఇదివరకు కాన్పు కష్టమై బిడ్డ దక్కని మనిషి. ఈసారి జీపు రాకపోతే ఏమవుతుందో నర్సమ్మకు తెలుసు. సంచి భుజానికి తగిలించుకుని ఆ రోజే నడవడం మొదలుపెట్టింది.

నాకు కోపమొచ్చింది. "లెక్కపెట్టనిది రాయొద్దనేదానివి. ఇన్ని అబద్ధపు అడుగులు ఎట్ల రాయించినవ్?"

"అబద్ధం ఒక్కటి గూడ లేదు టీచరమ్మా. ప్రతి అడుగు నడిచిన. కాళ్ళే వేరు."

ఆ మాటకు నవ్వు రావాలి. ఎవరికీ రాలేదు. ఆమె ఆగితే పదకొండు మంది ఆగినట్టు. పిల్ల నిజం రాస్తే జీపు పోతుంది, దాని చదువు ఏడాది వెనక్కి పోతుంది. రాయకపోతే దొంగ చదువు. "ఆ సంచి నేను మొయ్యలేను అమ్మమ్మా, తెలిసి మోస్తే అది మోసం" అన్నది. నేనా, మంచం దిగలేను. ముగ్గురం మూడు మూలల నుంచి ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. బయట వాగు మోత.

చివరికి తీర్పు చెప్పింది నేనే. "కాన్పు అయ్యేదాక ఆగు. తరవాత ఉన్నదున్నట్టు రాయి." తెలివైన తీర్పని అప్పుడు అనుకున్నాను. రెండు నెలలు ఆ పెద్దమనిషిని ఎండలో వానలో నడిపించింది ఆ తీర్పు. నా మంచం ఎత్తుకు ఆమె పాదాలు ఎదురుగా కనపడేవి. చెప్పుల పట్టీ వాచిన మడమలోకి దిగబడి ఉండేది. చాలాసార్లు చూశాను. "ఏంది ఆ వాపు?" అంటే "వానాకాలం గదా" అనేది. "నీ నాడి నువ్వు చూసుకుంటున్నవా?" అని ఒకసారి అడిగాను. "నా నాడి నేను చూస్తే లెక్క తప్పుతది. చూసే వేలు గూడ కొట్టుకుంటది గదా." ఆ జవాబు బాగుందని మెచ్చుకుని ఊరుకున్నాను. చెయ్యి ఇటు తే అనాల్సింది. నాకు గడియారం ఉంది, నిండు నిమిషం లెక్కపెట్టడం వచ్చు. ఇంకా ఎన్నాళ్ళు బతుకుతానో గాని, ఈ సంగతి నన్ను వదలదు.

దసరా ముందు కాన్పు వచ్చింది. ఫోను చేస్తే జీపు వచ్చింది, వాగు తగ్గి ఉంది, తల్లీబిడ్డ క్షేమం. ఆడపిల్ల. నర్సమ్మ జీపులో తోడుపోయి, మర్నాడు తిరిగొచ్చి, నా మంచం పక్కన కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది.

మనవరాలు మాట మీద నిలబడింది. గైడు ఒక దారి చూపించాడు. ఆ పదకొండు వరసలు తీసేసి మిగతా గూడేల లెక్కతో ముగించెయ్యమన్నాడు. ఎవరికీ నష్టం లేదన్నాడు. పిల్ల ఒప్పుకోలేదు. పదకొండు వరసలు ఒకటిగా కలిపి, ఇది అరవై దాటిన ఒక ఆడమనిషి నడక, ఈమెకు ఈ పద్ధతిలో చోటు లేదు అని రాసింది. ఆ పేజీలు నర్సమ్మకు చదివి వినిపించింది. ఆమె అంతా విని, "గూడెంల బ్యాండు లేకనే ఆళ్ళు నాకంటె ఎక్కువ నడుస్తరు. అది రాసినవా?" అన్నది. అది రాయలేదు. ఆ రాత్రే రాసి కలిపింది. థీసిస్ ఈ ఏటికి వెనక్కి పోయింది. కంపెనీ మనిషి వచ్చి బ్యాండ్లు లెక్కచూసి పట్టుకుపోయాడు. జీపూ ఆగింది.

నర్సమ్మ సంచి లేకుండా ఇంట్లో కూర్చుంటే తేరుకుంటుందనుకున్నాం. బలవంతాన ఖమ్మం పంపితే, గుండె అలిసి చాలాకాలమైందని డాక్టరు చెప్పాడట. ఆ మాట కూడా నాకు ఆమె చెప్పలేదు. పిల్లతో చెప్పించింది.

నర్సమ్మను మట్టి చేసిననాడు గూడెం ఆడవాళ్ళు పదకొండు మందీ వచ్చారు. చర్చివాళ్ళు పాట పాడుతుంటే పక్కన నిలబడి వాళ్ళ భాషలో వాళ్ళు ఏడ్చారు. తిరిగి పోతూ మా వరండాలో ఆగి మంచినీళ్ళు తాగారు. చంటిపిల్ల తల్లి మెట్టు మీద కూర్చుని పాలిస్తోంది. మనవరాలు ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"అక్కా, నేను రాయబట్టే జీపు బందయింది" అన్నది. ఆ పిల్ల గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

ఆమె పాపను ఈ పక్క నుంచి ఆ పక్కకు మార్చుకుంది. తరవాత తెలుగులో, ఒక్కొక్క మాట వెతుక్కుంటూ, "రాయకపోతే ఇంకా నడిచేది గదా ఆమె" అన్నది.

ఓదార్చిందో తప్పుపట్టిందో నాకు తెలవలేదు. మనవరాలు కూడా అడగలేదు. ఆ తల్లి లేచి, పాపను వీపున చీరతో కట్టుకుంది. అందరూ బయలుదేరారు. మా ముందు రోడ్డు ఈమధ్యనే వెడల్పు చేశారు, నలుగురు పక్కపక్కన నడవచ్చు. వాళ్ళు మాత్రం అడవి బాటలో నడిచినట్టే ఒకరి వెనక ఒకరు, వరస తప్పకుండా పోయారు. వెనక నుంచి బొగ్గు లారీ హారను కొట్టింది. పదకొండు మందీ అంచు మీంచి ఒక్క అడుగు కిందికి దిగి, లారీ పోయాక పైకెక్కి, అదే వరసలో వాగు దిక్కు నడిచారు.