మామగారు ఒప్పుకోని డ్రా

బస్సు డిపోలో కంట్రోలరుగా రిటైరైన మామగారికి కోడలు రాస్తున్న చదరంగం ప్రోగ్రాం మొదట్నుంచీ గిట్టేది కాదు. "పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే మా కోడలు గుర్రాలకి నడక నేర్పుతోంది" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేవారు. తీరా కంప్యూటర్ల చదరంగం పోటీకి ఆ ప్రోగ్రాం ఎంపికయ్యేసరికి, అందరికంటే ముందు చొక్కా ఇస్త్రీ చేయించుకున్నది ఆయనే.

యంత్రానికి చేతులుండవు. బోర్డు పక్కనున్న తెర మీద కనిపించిన ఎత్తును బోర్డు మీద వేయడానికి ఒక మనిషి కూర్చోవాలి. కోడలు పక్క గదిలో కంప్యూటర్ని కనిపెట్టుకుని ఉండాలి, కొడుక్కి సెలవు లేదు. ఇక తీరికగా ఉన్నవి మామగారి చేతులే.

ఆయన ఊరికే వేస్తారా? తెర మీద ఎత్తు వచ్చాక గడ్డం నిమురుకుని, పైకప్పు కేసి చూసి, ఓ నిట్టూర్పు విడిచి, అప్పుడు బంటును జరిపేవారు.

"మామయ్యగారూ, గడియారంలో మన టైమే పోతోంది" అంది కోడలు, పక్క గదిలోంచి తొంగిచూసి.

"పెద్ద ఆటలో తొందర పనికిరాదమ్మా."

అయినా ప్రోగ్రాం గెలుస్తూనే వచ్చింది. ఒక విలేఖరి వచ్చి "ఈ ప్రోగ్రాం మీదేనా?" అంటే, "మా ఇంట్లోదే" అన్నారు మామగారు. మర్నాడు పేపర్లో ఆయన ఫొటో, కింద 'యంత్రానికి బుద్ధి నేర్పిన కంట్రోలర్' అని.

అత్తగారు అది చదివి, "నేర్పాలంటే ముందు తన దగ్గర ఉండాలిగా" అని పేపరు మడిచి పెట్టింది. కోడలు నవ్వు ఆపుకుంది.

ఆ రోజు ఆటలో బోర్డుకి అవతల కూర్చున్న లెక్చరరు "మా ప్రోగ్రాం డ్రా అడుగుతోందండీ" అన్నాడు. ఇంకా ఆడితే తనకే చేటని లెక్కగట్టుకున్న కోడలి ప్రోగ్రాం, 'ఒప్పుకో' అని తెర మీద చూపించింది. మామగారికి ఒళ్లు మండింది. పేపర్లో ఫొటో పడ్డ మనిషి సగం సగం పంచుకోవడమా?

"కుదరదు" అని చెప్పి, ఆట సాగించే మీట నొక్కేశారు.

కోడలు మంచినీళ్లు తాగి వచ్చేసరికి రాజు మూలన చిక్కుకుని ఉన్నాడు. కాసేపటికే ఆట పోయింది.

"అది ఒప్పుకోమంటే మీరెందుకు కాదన్నారు?"

"దానికి పౌరుషం లేదమ్మా. మనకి ఉండొద్దూ?"

కోడలు వైర్లు సర్దుకుంటూ, "రేపు అత్తయ్యగారు కూర్చుంటారు" అంది.

"మీ అత్తయ్యకి ఏనుగు ఎటు నడుస్తుందో తెలుసా?"

"తెలీదు. నాకు కావలసింది అదే."

మర్నాడు అత్తగారు తెర చూసింది, చూపించిన కాయను చూపించిన గడిలో పెట్టింది, చేతులు కట్టుకు కూర్చుంది. ప్రోగ్రాం గెలిచింది. అభినందించడానికి పక్కింటాయన వస్తే గుమ్మంలోనే ఆపేశారు మామగారు.

"ఆ మాత్రం గెలవదా మరి? ఇన్నాళ్లూ దాన్ని దార్లో పెట్టింది ఎవరనుకున్నారు?"