పొగ గుంజే గొట్టం

మేడ్చల్ దగ్గర ఇనుము కరిగించే ఒక ఫ్యాక్టరీలో నేను వంట చేస్తాను. మా ఆయన అక్కడే బట్టీ దగ్గర పని చేసేవాడు. అంతకుముందు శామీర్‌పేట చెరువులో చేపలు పట్టేవాడు. నెల జీతం ఉంటుందని ఇద్దరం ఒకేసారి చేరాం. లాల్‌గడి మలక్‌పేట్ నుంచి పొద్దున్నే ఆటోలో వచ్చేవాళ్లం.

ఆ బట్టీ కొత్తది కాదు. యూరప్‌లో ఏదో ఊళ్లో ఏళ్ల తరబడి నడిచింది. అక్కడ ఫ్యాక్టరీ మూసేస్తే మా సేటు దాన్ని విప్పించి ఓడలో తెప్పించాడు. బిగించడానికి అక్కడి ముసలి ఫిట్టరే వచ్చాడు. మా కారం తినలేకపోయేవాడు. ఆయనకు విడిగా పెరుగన్నం కలిపేదాన్ని.

బిగింపు పూర్తయ్యాక ఒక మధ్యాహ్నం ఆయన అన్నం ముట్టకుండా కూర్చున్నాడు. పక్కనున్న ఇంజనీరమ్మను ఏమైందని అడిగాను. ఆయన మాటలు మాకు చెప్పేది ఆమే. బట్టీ పైన పొగను లాగేసే పెద్ద గొట్టం, ఫ్యాన్ ఉండాలట. అవి లేకుండా వాళ్ల ఊళ్లో ఒక్కరోజు కూడా బట్టీ వెలిగించనిచ్చేవారు కాదట. విప్పినప్పుడు వాటిని అక్కడే తుక్కు కింద వదిలేశారట. సేటును అడిగితే తర్వాత చూద్దామన్నాడట.

ఫిట్టరు తన దేశం వెళ్లిపోయాడు. బట్టీ వెలిగింది.

కరిగిన ఇనుము పోసినప్పుడల్లా షెడ్డంతా పొగ కమ్ముకునేది. మా ఆయన మూతికి తువ్వాల కట్టుకునేవాడు. ఇంటికొచ్చి ముఖం కడుక్కుంటే ముక్కులోంచి మసి వచ్చేది. తర్వాత దగ్గు పట్టుకుంది. మొదట టీబీ అని మందులిచ్చారు. తగ్గలేదు. చివరికి పెద్ద దవాఖానలో ఛాతీ ఫొటో తీసి, ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుందని, అది ఇక పోయేది కాదని చెప్పారు. అప్పటికే ఆయన చెరువు కట్ట ఎక్కలేకపోతున్నాడు. పని మానేశాడు. ఆయన జాగాలో మా మరిది చేరాడు.

ఆ చలికాలంలో సరుకు కొనే విదేశీయులు ఫ్యాక్టరీ చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. హడావుడిగా బట్టీ మీద రేకు గొట్టం కట్టి, ఫ్యాన్ పెట్టారు. వాళ్లున్న రెండు రోజులూ షెడ్డులో అవతలి గోడ కనిపించింది. వాళ్లు వెళ్లిన మర్నాడే ఫ్యాన్ ఆపేశారు. సూపర్‌వైజర్‌ను అడిగాను.

"కరెంటు మస్తు గుంజుతాందక్కా. సేటు బంద్ జేయమన్నడు" అన్నాడు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మా ఆయన గోడకు దిండు పెట్టుకుని కూర్చున్నాడు. గొట్టం సంగతి మరిది చెప్పినట్టున్నాడు.

"ఫ్యాన్ పెట్టిండ్రంట గదా. పొగ పోతాందా?" అని అడిగాడు.

పోతోందని చెబుదామనుకున్నాను. ఆయన నా ముఖంలోకే చూస్తున్నాడు.

"రెండు దినాలు తిప్పిండ్రు. ఇగ బంద్ జేసిండ్రు" అన్నాను.

ఆయన చాలాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "రేపటి సంది తమ్మున్ని పనికి తోలకు" అన్నాడు.

మరిది వినలేదు. తను కూడా పని విడిస్తే ఇంటిని ఎవరు సాకుతారని నన్నే అడిగాడు. పొద్దున వాడు బయల్దేరుతుంటే మా ఆయన గోడ పట్టుకుని వాకిలి దాకా వచ్చాడు. తమ్ముడి చేతిలోని బండి తాళం తీసుకుని గుప్పిట మూశాడు. మాట్లాడే ఊపిరి లేదు. ఆ గుప్పిట విప్పడం మరిదికి ఎంత పని. విప్పలేదు. అన్న పక్కనే అరుగు మీద కూర్చుండిపోయాడు. మళ్లీ ఫ్యాక్టరీకి పోలేదు.

మా ఆయన వానాకాలంలో చనిపోయాడు. మరిది ఇప్పుడు కరీంనగర్ రోడ్డు మీద ఆటో నడుపుతున్నాడు. నాకు వేరే పని దొరకలేదు. బట్టీ దగ్గర బీహార్ నుంచి వచ్చినవాళ్లున్నారు. రెండో షెడ్డుకు పునాదులు తవ్వుతున్నారు. ఇంకో దేశంలో ఇంకో ఫ్యాక్టరీ మూతపడిందట, దాని బట్టీ ఓడెక్కిందట. మనుషులు పెరుగుతారు, అన్నం వండే పెద్ద డేగిసాలు ఎన్ని కావాలో చూసుకోమని సూపర్‌వైజర్ నిన్న చెప్పిపోయాడు.